‘చీకటి రాకుమారుడి’ తప్పెంత?

డార్జిలింగ్ కొండల్లో మానేభంజాంగ్ అని చిన్న ఊరొకటి ఉంది. అక్కణ్నుంచి 3,636 మీటర్ల ఎత్తున ఉన్న సందక్‌ఫూకు 30 కిలోమీటర్లకు పైబడిన ఘాట్ రోడ్డు. సరుకుల్నీ ట్రెక్కింగ్‌కు వచ్చినవాళ్లనీ ఎక్కించుకుని 1950ల నాటి ల్యాండ్ రోవర్లు ఆ దారిన దశాబ్దాల పాటు తిరిగాయి. బ్రిటిష్ తేయాకు తోటల కాలం నాటి బండ్లవి. చాలావాటికి అసలు ఇంజను ఎప్పుడో పోయింది, మహీంద్రా డీజిల్ ఇంజను వచ్చి కూర్చుంది. అలా ఇంజనే మార్చేసే మెకానిక్కులు కూడా ఇంత పాత బండిలో వైరింగు అనగానే కాస్త వెనకాడతారు.

బ్యాటరీ, డైనమో, స్విచ్చులు, లైట్లు, హారను అన్నిటినీ కలిపే తీగల కట్టే హార్నెస్. మన ఆటో ఎలక్ట్రీషియన్లు వైరింగ్ కిట్ అంటారు. తొలినాళ్ల ల్యాండ్ రోవర్లలో ఈ తీగలకు రబ్బరు తొడుగు, దాని మీద నూలు అల్లిక ఉండేవి. పీవీసీ తర్వాత వచ్చింది. రబ్బరు ఎండి పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. పీవీసీకి మెత్తదనమిచ్చే పదార్థం ఇంజను వేడికి ఏళ్ల తరబడి ఆవిరైపోతుంది, ఆ తర్వాత తీగను వంచితే తొడుగు పటుక్కుమంటుంది. లోపల రాగి నల్లబడి ఉంటుంది, దానికి టంకం అతకదు. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క అతికి నెట్టుకొద్దామంటే కుదరనిది అందుకే. ఇక ఎలుకల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ బండ్లలో కరెంటు సామాను బర్మింగ్‌హామ్‌కు చెందిన లూకాస్ కంపెనీది. పాత బ్రిటిష్ కార్ల అభిమానులు ఆ కంపెనీని ‘చీకటి రాకుమారుడు’ అని ఎగతాళి చేస్తారు. లూకాస్ హెడ్‌లైటు స్విచ్చికి మూడే స్థానాలట: గుడ్డిగా వెలగడం, మిణుకుమనడం, ఆరిపోవడం. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. బండి విప్పి చూస్తే మాత్రం నేరంలో పెద్ద వాటా తర్వాత పడిన చేతులదే.

లూకాస్ రంగుల పద్ధతి చాలా స్పష్టమైనది. గోధుమరంగు వైరు బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా నేరుగా వచ్చేది. తెలుపు తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది. అదే కరెంటు ఫ్యూజు దాటాక ఆకుపచ్చ వైరులో సాగుతుంది. హెడ్‌లైట్లకు నీలం, వెనక చిన్న లైట్లకు ఎరుపు, ఎర్త్‌కు నలుపు. ఆకుపచ్చ మీద ఎర్ర చార ఉంటే ఎడమ ఇండికేటరు, తెల్ల చార ఉంటే కుడి. ఇది తెలిసినవాడు డాష్‌బోర్డు వెనక టార్చి వేసి చూస్తే ఏ తీగ ఎటు పోతుందో చదివేయగలడు. కానీ ఒక యజమాని రేడియో పెట్టించాడు, ఇంకొకడు ఫాగ్ లైట్లు బిగించాడు, ఎవరికి చేతికందిన రంగు వైరు వాళ్లు మెలిపెట్టి టేపు చుట్టారు. అక్కడితో ఆ చదువు అడుగంటింది.

రెండో నేరస్థుడు ఎర్త్. ల్యాండ్ రోవర్ 1948లో బయటికొచ్చింది. యుద్ధం ముగిసి బ్రిటన్‌లో ఉక్కుకు రేషను నడుస్తున్న రోజులు. అందుకే రోవర్ కంపెనీ చాసిస్‌ను ఉక్కుతో చేసి, బాడీకి బర్మాబ్రైట్ అనే అల్యూమినియం మిశ్రమలోహం వాడింది. లైట్లకు వెళ్లిన కరెంటు చాలాచోట్ల ఆ బాడీ గుండానే బ్యాటరీకి తిరిగి రావాలి. తేమలో అల్యూమినియం, ఉక్కు ఆనుకున్నచోట తుప్పు మొదలవుతుంది. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు కరెంటును పోనివ్వదు. అప్పుడు వింతలు మొదలవుతాయి. ఇండికేటరు వేస్తే బ్రేకులైటు కూడా మసకగా వెలుగుతుంది, ఎందుకంటే సొంత దారి మూసుకుపోయిన కరెంటు పక్క బల్బులోంచి దూరి బయటపడుతోంది. వోల్టేజి పదో వంతు తగ్గితే చాలు, ఫిలమెంటు బల్బు వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. అరకు దగ్గర కటికి జలపాతానికి జనాన్ని తీసుకెళ్లే జీపుల్లాంటి ఉక్కు బాడీ బండ్లలో అల్యూమినియం బెడద ఉండదు గానీ, అక్కడ తుప్పూ పెయింటూ ఇదే పని చేస్తాయి. కాబట్టి కిట్ మార్చేటప్పుడు ప్రతి ఎర్త్ బోల్టు కింద లోహం మెరిసేదాకా గీకాలి. వెనక లైట్లకు చాసిస్ దాకా విడిగా ఒక నల్ల వైరు లాగితే ఇంకా మంచిది.

ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దగ్గర ఆటోస్పార్క్స్ వంటి సంస్థలు పాత నమూనా ప్రకారమే, కోరితే నూలు అల్లికతో సహా, కొత్త కిట్లు అల్లి ఇస్తాయి. ఇంజను మారిన బండికి మాత్రం అవి ఉన్నవి ఉన్నట్టు పనికిరావు. డీజిల్‌కు ఇగ్నిషన్ కాయిలే ఉండదు కదా, దానికి పోయే తెల్ల వైరు ఏం చేస్తుంది?

పని మొదలెట్టేది బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ విప్పడంతో. ముందు రెండోది విప్పబోతే పానా బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. పాత కట్టను కత్తిరించి పారేయకూడదు. ప్రతి కొసకూ చీటీ కట్టి, ఫొటో తీసి, అప్పుడు ఊడదీయాలి. వెనక లైట్లకు వెళ్లే తీగ చాసిస్ డబ్బా గొట్టంలోంచి పోతుంది. పాతదాన్ని లాగేముందు దాని కొసకు గట్టి తాడు కట్టకపోతే, కొత్తది దూర్చడానికి ఒక పూట పోయినట్టే.

ఫ్యూజుల దగ్గర ఒక ఉచ్చుంది. సిరీస్ 2ఏ రకం ల్యాండ్ రోవర్ మొత్తానికి ఉన్నవి రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్లకు ఆ రక్షణ కూడా లేదు. పాత లూకాస్ ఫ్యూజు మీద 35 ఆంపియర్లని రాసి ఉంటే, అది కాలిపోయే కరెంటు. ఎడతెగకుండా మోయగలిగేది 17 మాత్రమే. ఇప్పటి బ్లేడు ఫ్యూజు మీద రాసేది మోయగలిగే కరెంటు. అంకె చూసి 35 బ్లేడు పెట్టినవాళ్లు ఫ్యూజు కంటే ముందు వైరును కాల్చుకుంటారు.

1960ల రెండో సగం దాకా ఈ బండ్లు పాజిటివ్ ఎర్త్‌వి, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసేది. డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టేవాళ్లు సాధారణంగా నెగటివ్‌కు మారతారు. అప్పుడు కాయిల్ వైర్లు, అమ్మీటర్ వైర్లు కూడా తిప్పి కలపాలి. బ్యాటరీని తిరగేసి కలిపితే ఆల్టర్నేటరులోని డయోడ్లు ఆ క్షణంలోనే పోతాయి.

అంతా బిగించాక కూడా బ్యాటరీని నేరుగా కలపరు. స్విచ్చులన్నీ ఆపి, బ్యాటరీ కొసకూ తీగకూ మధ్య 21 వాట్ల బల్బు ఒకటి పెడతారు. అది వెలిగితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. వెలగకపోతే ఒక్కో స్విచ్చీ వేసి చూసుకుంటూ పోవచ్చు. కొత్తగా రిలేయో ఛార్జరో కలిపి ఉంటే దాని వైరు రంగునూ, అది పోయే దారినీ వైరింగు బొమ్మలో రాసి, నకలు ఒకటి సీటు కింద పెట్టాలి. లేకపోతే తర్వాతి యజమాని మళ్లీ టేపు చుట్టతోనే మొదలెడతాడు.