అరువదేండ్లకే షష్టిపూర్తి యెందుకు?

బాలలారా! 1964 వేసవిలో విశాఖపట్టణమున జన్మించినవారికి పంచాంగరీత్యా జన్మవత్సరము క్రోధి. ఆనాడే చైనాలో జన్మించినవారికి డ్రాగన్ వత్సరము. 2024లో ఆ రెండును ఒక్కమారే మరలివచ్చినవి. ఇదెట్లు సంభవించెను?

చైనీయులు ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రము, మేక, కోతి, కోడి, కుక్క, పంది యను పండ్రెండింటిని ఏటికొక్కటిగా నిలిపి, వానితో పది సంజ్ఞల వేఱొక వరుసను జతపఱతురు. పదింటను పండ్రెండింటను శేషము లేక భాగింపబడు కనిష్ఠసంఖ్య అరువది కావున, విడిన జంట అరువదేండ్లకుగాని మరల కలియదు.

మన లెక్కకు మూలము బృహస్పతి. రాశిచక్రమును చుట్టివచ్చుటకు ఆ గ్రహమునకు దాదాపు 12 ఏండ్లు పట్టును. 2015లో అది సింహరాశిని ప్రవేశించుటచేతనే గోదావరికి పుష్కరములు వచ్చినవి. అట్టి చుట్లు అయిదైనచో ప్రభవాది అక్షయాంతముగ అరువది వత్సరములు గడచును.

పండ్రెండేండ్లకొకమారు తన జన్మవత్సరపు జంతువు మరలిన యేట అరిష్టనివారణకై చైనీయుడు ఎఱ్ఱని నడికట్టు ధరించును. షష్టిపూర్తినాడు మన వృద్ధదంపతులకు మరల మాంగల్యధారణము జరుగును. జన్మవత్సరము మరలివచ్చుటను ఉభయ జాతులును విశేషముగ భావించినవి.

చిన్నారులారా, మీ తాతగారి జన్మవత్సరనామ మడిగి తెలిసికొని, అది మరల ఏనాడు వచ్చునో మీరే గణించి చూడుడు.