చర్మంతో ఊపిరి పీల్చే జీవి

రెండు తడిగుడ్డ ముక్కలు తీసుకొని ఒకదాన్ని చెట్టు నీడలో, రెండోదాన్ని ఎండలో ఆరవేయండి. ఎండలోనిదే ముందు ఆరుతుంది కదూ! గుడ్డ ఆరితే మనకు మంచిదే. కాని ఒక ప్రాణి చర్మమే అలా ఆరిపోతే?

మధ్య అమెరికాలోని గ్వాటెమాల దేశపు కొండలమీద సాలమాండర్లనే జీవులున్నాయి. చూడటానికి బల్లిలా ఉన్నా ఇవి కప్పకు చుట్టాలు, ఉభయచరాలు. వింత ఏమిటంటే, అక్కడి సాలమాండర్లకు ఊపిరితిత్తులు లేవు! ఆక్సిజన్ వాటి చర్మం గుండా, నోటిలోని పొర గుండా రక్తంలో చేరుతుంది. ఆక్సిజన్ ముందుగా తడిలో కరగాలి. కనుక చర్మం ఎప్పుడూ చెమ్మగా ఉండాలి. అది ఆరితే ఊపిరాడదు.

అంత చెమ్మ ఎక్కడ దొరుకుతుంది? మేఘారణ్యాలలో. సముద్రపు గాలి కొండ ఎక్కుతూ చల్లబడి మేఘమై చెట్లను తాకుతుంది. ఆకులూ నాచూ ఆ మంచు తుంపరలను పట్టి ఉంచుతాయి. కొమ్మలమీద అనాస జాతి మొక్కలు పెరుగుతాయి. వాటి ఆకుల మొదళ్లలో నీరు నిలుస్తుంది. చాలా సాలమాండర్లు పగలు అక్కడే దాక్కుంటాయి. వీటికి తోకకప్ప దశ లేదు. గుడ్డులోంచి నేరుగా పిల్ల వస్తుంది. కాబట్టి గుడ్లకూ ఆ చెమ్మే ఆధారం.

మొక్కజొన్నకో, కాఫీకో, పశువుల మేతకో అడవి నరికారనుకోండి. ఎండ నేలను తాకుతుంది, నాచు ఎండుతుంది. దిగువ అడవి నరికినా ముప్పే. నేల వేడెక్కి, మేఘాలు మరింత ఎత్తున ఏర్పడతాయి.

“పక్క కొండకు పోవచ్చుగా!” అంటారేమో. నడుమనున్న వెచ్చని, పొడి లోయ వాటికి సముద్రంలాంటిది. అందుకే కొన్ని జాతులు ఒకే కొండను నమ్ముకొని ఉన్నాయి. ఆ అడవి పోతే ఆ జాతే పోతుంది.

మన పాయసంలోని ఏలకులకూ ఈ కథతో సంబంధముంది. ఏలకి మన పడమటి కనుమల మొక్క. నేడు ఏలకుల ఎగుమతిలో ముందున్న దేశం గ్వాటెమాలే. అక్కడి తడి కొండలలో ఆ తోటలకోసం కూడా అడవిని తొలగిస్తున్నారు. అది ఎందరో పేద రైతుల జీవనాధారం. అందుచేత అడవిని కాపాడటమంటే రైతు బతుకునూ ఆలోచించడమే.

1975లో గ్వాటెమాలలోని కూచుమతానెస్ కొండలలో పసుపు పచ్చని జాక్సన్ సాలమాండర్‌ను కనుగొన్నారు. తరువాత 42 ఏళ్లు అది ఎవరి కంటా పడలేదు. అంతరించిందేమోనని భయపడ్డారు. 2015లో అక్కడ కొంత అడవిని కొని రక్షిత ప్రాంతంగా చేశారు. 2017లో ఆ అడవి కాపలాదారుకే ఒక చిన్న జాక్సన్ సాలమాండర్ కనిపించింది!

అడవి మిగిలింది కనుకనే అది మిగిలింది. అడవే లేకుంటే ఎన్నేళ్లు వెదికినా ఏం లాభం?