కూలి యెంత? చేతికి వచ్చున దెంత?

సంసారము నడుపు స్త్రీలకు లెక్కలు తెలియవనుట వట్టి మాట. పాలవాని బాకీ, చాకలిపద్దు, చీటీపాట వాయిదా, బియ్యపుబస్తా వెల, ఇవి యన్నియు కాసు తప్పకుండ నోటితో చెప్పగల యిల్లాండ్రు ప్రతివీథిలోను గలరు. అట్టివారే జీతపుచీటీ దగ్గఱకు వచ్చునప్పటికి, "అది కంపెనీవారి లెక్క, వారెంత యిచ్చిన నంతే" యని పక్కకు పెట్టుచున్నారు. పెద్దజీతముగల యింట నెలకు నూఱో రెండునూఱులో తగ్గిన నాలోటు వంటింటిదాక రాదు. కనీస వేతనముపై బ్రదుకు నింటనో, ఆ రెండునూఱులే వారము దినముల కూరగాయలు. కావున నీ నెల మేము కనీస వేతనముపై పనిచేయువారి చేతికి నిజముగ నెంత వచ్చునో సోదరీమణులకు విశదపఱుప దలచితిమి. సంపాదించునది భర్తయైనను, బిడ్డయైనను, పాఠకురాలే యైనను లెక్క యొక్కటే.

కనీస వేతన మనగా నేమి? ఇంతకు తక్కువ యిచ్చి పని చేయించుకొనరాదని ప్రభుత్వము విధించిన హద్దు. మనదేశమున దీనికి 1948లో చట్టము పుట్టినది. దాని స్థానమున 2019 నాటి వేతన స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చినది. ఈ వేతనము పనిని బట్టియు, పనివాని నేర్పును బట్టియు, స్థలమును బట్టియు మారును. ఇందు రెండు భాగములు గలవు: మూలవేతన మొకటి, కరవుభత్య మొకటి. ధరల సూచిక పెరిగినకొలది కరవుభత్యము పెరుగవలయును. మన తెలుగు రాష్ట్రములలో ఏప్రిలునందు నొకసారి, అక్టోబరునందు నొకసారి దీనిని సవరించు వాడుక గలదు. ఆ రెండు నెలలు గడచిన పిమ్మట జీతములో మార్పు లేకున్నచో, ఏల లేదని యడుగుట మన విధి.

ఈ హద్దును దేనిని బట్టి కొలిచిరో కూడ తెలిసికొనదగును. 1957లో జరిగిన పదునైదవ భారత కార్మిక సమావేశము, సంపాదించు నొక్కని కూలితో ముగ్గురి పోషణము జరుగవలెనని నిర్ణయించెను. పురుషునకు 1 వంతు, భార్యకు 0.8 వంతు, ఇద్దఱు బిడ్డలకు తలకు 0.6 వంతు, వెరసి 3 వంతులు. వంతునకు దినమునకు 2700 కాలరీల యాహారము, కుటుంబమునకు ఏటికి 72 గజముల బట్ట, ఇంటియద్దె, వంటచెఱకు, దీపము మొదలగువాని కయిదవవంతు కలుపుమనిరి. పిల్లల చదువు, వైద్యము, వివాహాదులు, ముసలితనము వీనికై మఱి నాలుగవవంతు చేర్చవలెనని 1991లో సుప్రీముకోర్టు సెలవిచ్చెను. అందఱికంటె ముందు లేచి, అందఱికంటె వెనుక భుజించు నిల్లాలికి పురుషునికంటె తక్కువ వంతు వేసిన యీ కొలతను గూర్చి మేము వేఱుగ చెప్పవలసిన పని లేదు. వృద్ధులైన అత్తమామలకు, తల్లిదండ్రులకు అందు వంతే లేదు. ఈ హద్దు సుఖజీవనమునకు గాదు, కడుపు నిండుటకే యని గ్రహించినచో, దానిలో నొక్క రూపాయి తఱిగినను ఎంత అన్యాయమో బోధపడును.

ఇక లెక్కకు వత్తము. సులువుగ నుండుటకై దినకూలి 500 రూపాయ లనుకొందము. నెలకు 26 దినముల చొప్పున 13,000 రూపాయలు. నెలజీతమునుండి దినకూలి తేల్చునప్పుడు 30 చేతగాక 26 చేత భాగింపవలయును. ఏలయన వారమున కొకనాటి సెలవు ఆ జీతములోనే యిమిడియున్నది. కొందఱు మేస్త్రీలు 13,000ను 30 చేత భాగించి, దినమునకు 433 రూపాయలని చెప్పి, పనిచేసిన 26 దినములకే లెక్కగట్టుదురు. అప్పుడు వచ్చునది 11,258 రూపాయలు మాత్రమే. ఒక్క భాగహారములో 1,742 రూపాయలు మాయమైనవి!

సక్రమమైన చీటీ యీ విధముగ నుండును:

మొత్తము వేతనము: 13,000
భవిష్యనిధి, నూటికి 12 చొప్పున: 1,560
ఇ.యస్.ఐ., నూటికి 0.75 చొప్పున: 98
వృత్తిపన్ను: లేదు
చేతికి వచ్చునది: 11,342

భవిష్యనిధి యనగా జనులు పీ.యఫ్. అని పిలుచునది. ఇరువది మందికి తక్కువగాక పనివారున్న సంస్థలకు నిది వర్తించును. ఇ.యస్.ఐ. పదిమంది యున్నచోటులకు. దీని చందా 97 రూపాయల 50 పైసలు కాగా పై రూపాయికి సరిచేయుదురు. వృత్తిపన్ను తెలుగు రాష్ట్రములలో నెలకు 15,000 వఱకు లేదు. దానిపై 20,000 వఱకు 150 రూపాయలు, ఆ పైని 200 రూపాయలు. ఇచట నొక వింత గలదు. 15,000 జీతము 15,100 అయినచో, ఆ నూఱు రూపాయలవలన 150 రూపాయల పన్ను మీదపడి, చేతికి వచ్చు సొమ్ము యాబది రూపాయలకు పైగా తగ్గును. జీతము పెరిగెనని మురిసిన నెలలో సంచి తేలికయగుటకు కారణ మిదియే.

పోయిన 1,658 రూపాయలును నీళ్లపాలైనవని తలపరాదు. మన 1,560కి తోడు యజమానియు 1,560 వేయవలెను. అందు 1,083 పింఛనునకు, తక్కిన 477 మన నిధికి చేరును. పదియేండ్ల కొలువున్నవారికి 58వ యేట పింఛను గలదు. కొలువులో నుండగా మరణించినచో కుటుంబమునకు భీమాసొమ్ము వచ్చును. దీనికై పనివాడు కట్టున దేమియు లేదు. కనుకనే నిధిలో నామినీగా ఎవరి పేరున్నదో భార్యకు తెలిసియుండవలయును. ఇ.యస్.ఐ.కి యజమాని నూటికి 3.25 చొప్పున 423 రూపాయలు కట్టును. దానివలన కుటుంబమంతటికి వైద్యము, జబ్బుపడిన దినములకు కూలిలో నూటికి 70 వంతులు ఏటికి 91 దినముల వఱకు, పనిచేయు స్త్రీకి మొదటి రెండు కాన్పులకు 26 వారముల వేతనము లభించును. చందా కట్టిన దినములు చాలకున్న నివి దొరకవు. కావున ఇ.యస్.ఐ. కార్డు బీరువాలో దాచు వస్తువు గాదు, ఉపయోగించవలసిన వస్తువు.

మూడుదినములు పనికి పోనిచో నేమగును? వేతనము 11,500, తగ్గింపులు 1,380, 87, చేతికి 10,033 రూపాయలు. అనగా 1,309 రూపాయల లోటు. జ్వరముతో నాగిన దినములైనచో వైద్యుని ధ్రువపత్రముతో ఇ.యస్.ఐ.ని అడుగవలయును, సాధారణముగ మొదటి రెండుదినములకు మాత్రము సొమ్ము రాదు. మఱి యెనిమిది గంటలకు మించి పనిచేసినచో గంటకు 62 రూపాయల 50 పైసలు గాదు, దానికి రెట్టింపుగ 125 రూపాయలు రావలయును.

ఇక మోసములను గూర్చి. మొదటిది, యజమాని చందాను గూడ పనివాని కూలినుండియే కోయుట. చీటీలో 1,560 రెండుసారులు కనబడినచో నిదియే జరిగినదని యెఱుగవలయును. చట్ట మిది నిషేధించినది. రెండవది, కోసిన సొమ్మును నిధిలో కట్టకుండుట. భవిష్యనిధి సభ్యులకు పండ్రెండంకెల సంఖ్య యొకటి గలదు. దాని సాయమున పాసుపుస్తకమును సెల్‌ఫోనులోనే చూడవచ్చును. చదువుకొన్న కూతు రింట నున్నచో నిది నిమిషముల పని. మూడవది, బ్యాంకులో పూర్తి జీతము వేసి, వెనుకనుండి కొంత రొక్కముగ తిరిగి పుచ్చుకొనుట. నాలుగవది, చందా తగ్గించుటకై జీతమును భత్యములుగ చీల్చుట. క్రొత్తస్మృతి ననుసరించి మినహాయింపు పొందు భత్యములు మొత్తములో సగమునకు మించినచో, ఆ మించినది వేతనముగనే లెక్కకు వచ్చును. అడ్వాన్సు మొదలగు నన్ని తగ్గింపులును గలిసినను వేతనములో సగము దాటరాదు. "తక్కువకే ఒప్పుకొంటిని గదా" యని పనివాడు నోరు మూసికొన నక్కఱలేదు. కనీస వేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొనునది వెట్టిచాకిరియే యని 1982లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కార్మికశాఖ కార్యాలయమున మొఱపెట్టుకొనుటకు మూడేండ్ల గడువు గలదు, పాతచీటీలు పాఱవేయరాదు.

సోదరీమణులారా! ప్రతినెలయు ఏడవ తేదీలోపల నెలజీతము ముట్టవలయునని చట్టము. ఆనాడు జీతపుచీటీ నడిగి పుచ్చుకొని, దినము లెన్ని వేసిరి, దినకూలి యెంత కట్టిరి, కోత లేమేమి, కోసినది నిధిలో చేరినదా యని నాలుగు ప్రశ్నలు వేసికొని పద్దుపుస్తకమున వ్రాసికొనుడు. ఆ 11,342లోనే అద్దెయు, బడిరుసుమును, కొలువునకు పోవుటకైన బండిఖర్చును గడవవలెను. తెలంగాణమున 2023 డిసెంబరు నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు నుండియు స్త్రీలకు ప్రభుత్వపు బస్సులలో టిక్కెట్టు లేని ప్రయాణము కలిగినందున, పనికిపోవు స్త్రీకి ఆ వంతు మిగులుచున్నది. ఆ మిగులును గూడ వేఱుపద్దుగ వ్రాసి చూచుకొనదగును.

చివరగ నొక్కమాట. మన యింట అంట్లు తోము మనిషికి పీ.యఫ్. లేదు, ఇ.యస్.ఐ. లేదు, చీటీ లేదు. ఆమెకు కోతలు లేవు నిజమే. కాని ముసలితనమునకును జబ్బునకును వెనుకవేయు సొమ్ము నెవరును జత చేయుట లేదు. మనము చేతికిచ్చునదే ఆమెకు సర్వస్వము. ఆమె రానినాటి కూలి కోయుటకు ముందు, మన భర్త జీతములో మూడుదినములు కోసిన నెల మన వంటిల్లెట్లుండెనో తలచుకొందము గాక.