నాణేలపై డై క్షీణతను దశలవారీగా గుర్తించడం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ముద్రణలో వచ్చిన లోపాన్ని, చెలామణిలో తగిలిన దెబ్బను వేరు చేసి చెప్పగలుగుతారు.
• ఒకే డైతో ముద్రించిన నాణేలను కాలక్రమంలో అమర్చగలుగుతారు.
• 'అరుదైన తప్పు నాణెం' అనే ప్రకటనను ఆధారాలతో పరీక్షించగలుగుతారు.

1. పరిచయం

మీరు శివ్వంపేటలో ఉన్నా, మరే ఊళ్ళో ఉన్నా, కిరాణా కొట్టు గల్లాపెట్టెలోని నాణేలను ఒకసారి పరిశీలించండి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే ఆ నాణెం హైదరాబాదు టంకశాలది. వజ్రం గుర్తు ముంబయిని, చుక్క నోయిడాను సూచిస్తాయి. కోల్‌కతా నాణేలపై ఏ గుర్తూ ఉండదు. హైదరాబాదు టంకశాల 1803లో ఏర్పడి, 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారింది.

కొన్ని నాణేలపై సన్నని గీత, అంచు దగ్గర బొడిపె, మసకబారిన అక్షరం కనిపిస్తాయి. వీటిని 'తప్పు నాణేలు' అని సేకర్తలు వెతుకుతారు. వాటిలో చాలావాటికి కారణం డై క్షీణించడమే.

2. డై ఎలా పాడవుతుంది?

డై అంటే ముద్రణకు వాడే గట్టి ఉక్కు అచ్చు. బొమ్మ వైపుకు ఒకటి, బొరుసు వైపుకు ఒకటి ఉంటాయి. రెండింటి మధ్య లోహపు బిళ్ళ పెట్టి గొప్ప ఒత్తిడితో నొక్కుతారు. నాణెంపై ఉబ్బెత్తుగా ఉండవలసిన అక్షరం డైపై లోతుగా ఉంటుంది. వేలసార్లు ఇలా నొక్కేసరికి డై అలసిపోతుంది. బిళ్ళ ఎంత గట్టిదైతే డైకి అంత శ్రమ. 1992లో వచ్చిన చిన్న రూపాయి నాణెం స్టెయిన్‌లెస్ స్టీలుది. అటువంటి లోహం డైని ఎక్కువగా శ్రమపెడుతుంది.

క్షీణత సాధారణంగా ఈ దశల్లో కనిపిస్తుంది:
• మొదటి దశ: అక్షరాల అంచులు పదునుగా, నేపథ్యం నునుపుగా ఉంటాయి.
• రెండో దశ: అక్షరాలు మొద్దుబారి, అంచు వైపుకు సాగే సన్నని చారలతో నేపథ్యం గరుకవుతుంది.
• మూడో దశ: డై వెంట్రుకవాసి పగులుతుంది. పగులులోకి లోహం చొరబడి నాణెంపై ఉబ్బెత్తు గీతగా మిగులుతుంది.
• నాలుగో దశ: ఆ గీత పొడవై, వెడల్పై, కొమ్మలు వేస్తుంది.
• ఐదో దశ: అంచు దగ్గర డై ముక్క ఊడిపోతుంది. నాణెంపై ఆ చోట అక్షరాలు లేని దిమ్మ ఏర్పడుతుంది.

ప్రతి డై ఈ దశలన్నీ దాటాలని లేదు. పగలకుండానే అరిగిపోయి పక్కన పెట్టినవీ ఉంటాయి.

3. గుర్తించే పద్ధతి

మొదటి పరీక్ష: గీత ఉబ్బెత్తుగా ఉందా, గుంటగా ఉందా? గుంటగా ఉంటే చాలావరకు అది తరువాత పడిన గాటు. ఉబ్బెత్తుగా ఉంటే డై పగులు కావచ్చు.

రెండో పరీక్ష: అదే గీత, అదే అక్షరం పక్కన, మరో నాణెంపైనా ఉందా? ఉంటే రెండూ ఒకే డై బిడ్డలు.

మూడో పరీక్ష: అంచు దిమ్మ ఉంటే నాణెం తిప్పి సరిగ్గా దాని వెనక భాగం చూడండి. లోహం ఊడిన ఖాళీలోకి పారినందువల్ల అక్కడి ముద్ర బలహీనంగా ఉండాలి. అది స్ఫుటంగా ఉంటే దిమ్మను తరువాత అతికించారేమోనని అనుమానించాలి.

ఇప్పుడు మూడు నాణేలు ఉన్నాయనుకోండి. 'క' పై గీత లేదు. 'ఖ' పై గీత అంచు నుంచి ఒక అక్షరం వరకు వచ్చింది. 'గ' పై అదే గీత మూడు అక్షరాలు దాటింది. మిగతా లక్షణాలు కూడా ఒకే డైని సూచిస్తే, క్రమం క, ఖ, గ. పగిలిన ఉక్కు తిరిగి అతుక్కోదు కాబట్టి ఈ క్రమం తలకిందులు కాదు.

రెండు జాగ్రత్తలు అవసరం. ఒక వైపు డైని మార్చి, రెండో వైపుది కొనసాగించవచ్చు. అందుకే బొమ్మను, బొరుసును విడివిడిగా క్రమంలో పెట్టాలి. అలాగే గ్రీజు, మురికి డైలో పేరుకుంటే అక్షరం మాయమై, శుభ్రం చేశాక మళ్ళీ కనిపిస్తుంది. అది కాలక్రమానికి సాక్ష్యం కాదు.

4. ఒక్క నాణెం ఎందుకు చాలదు?

1922లో అమెరికాలో ఒక సెంటు నాణేలను డెన్వర్ టంకశాల మాత్రమే ముద్రించింది. వాటిపై 'డి' అక్షరం ఉండాలి. కొన్నింటిపై అది లేదు. ఇతర టంకశాలలేవీ ముద్రించలేదు కనుక, లోపం డైదేనని నిర్ధారించవచ్చు.

మన దగ్గర ఆ సౌకర్యం లేదు. నక్షత్రం లేని నాణెం కోల్‌కతాలో సక్రమంగా ముద్రించినదే కావచ్చు. 'నక్షత్రం చెరిగిన హైదరాబాదు నాణెం' అనాలంటే, అదే డైతో ముద్రించిన ఇతర నాణేలపై నక్షత్రం క్రమంగా మసకబారడం చూపాలి. వరుస లేనిదే నిరూపణ లేదు.

ఇది కేవలం సేకర్తల సరదా కాదు. పాత నాణేలకు లక్షలు ఇస్తామని చెప్పి, ముందుగా కమీషన్ వసూలు చేసే మోసాలు ఉన్నాయి. తన పేరు వాడుకుని ఇలా రుసుములు అడుగుతున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. అటువంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదని స్పష్టం చేసింది. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి ఫోన్ వస్తే, డబ్బు కట్టకముందే ఈ మూడు పరీక్షలు చేయించండి. లోపం నిజమైనదే అయినా, ముందుగా డబ్బు అడిగేవారిని నమ్మవద్దు.

చరిత్రకారులకూ ఇదే పద్ధతి ఉపయోగపడుతుంది. ఉమ్మడి మెదక్ జిల్లా కొండాపూర్‌లో శాతవాహనుల నాణేలు దొరికాయి. సంవత్సరం ముద్రించని అటువంటి ప్రాచీన నాణేల విషయంలో, డై గుర్తులు స్పష్టంగా ఉంటే ఏది ముందో ఏది తరువాతో అవే చెబుతాయి.

5. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డైపై పగులు నాణెంపై ఉబ్బెత్తుగా ఎందుకు కనిపిస్తుంది?
2. అంచు దిమ్మ ఉన్న నాణెం వెనక భాగాన్ని ఎందుకు చూడాలి?
3. ఒకే సంవత్సరం, నక్షత్రం గుర్తు ఉన్న ఒకే విలువ నాణేలు ఇరవై సేకరించి భూతద్దంతో పరిశీలించండి. ఒకే చోట ఉబ్బెత్తు గీత ఉన్నవి రెండు దొరికితే, వాటిలో ఏది ముందుదో కారణంతో రాయండి. దొరకకపోతే, మీరు చూసిన గాట్లు డై పగుళ్ళు కావని ఎలా తేల్చారో రాయండి.