పసిఫిక్ తీరం నుంచి అట్లాంటిక్ లీగ్‌కు: అమెరికా కళాశాల క్రీడల్లో ‘పాక్-12’ ఎందుకు చీలిపోయింది?

అమెరికా పశ్చిమ తీర విశ్వవిద్యాలయాల క్రీడలకు శతాబ్దానికి పైగా వేదికగా ఉన్న ‘పాక్-12’ కాన్ఫరెన్స్ నుంచి 2024 ఆగస్టు నాటికి 12 సభ్య సంస్థల్లో 10 వైదొలిగాయి. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయాలు మాత్రమే మిగిలాయి.

కాన్ఫరెన్స్ అంటే ఏమిటి?

భారత్‌లో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ప్రధానంగా మండలాల వారీగా జరుగుతాయి. అమెరికాలో విశ్వవిద్యాలయాలే కూటములుగా ఏర్పడి పోటీలు నిర్వహించుకుంటాయి. టీవీ ప్రసార హక్కులను ఉమ్మడిగా విక్రయించి ఆదాయం పంచుకుంటాయి. కళాశాల ఫుట్‌బాల్ ప్రసారాలపై జాతీయ క్రీడా సంఘం ఎన్‌సీఏఏ నియంత్రణ చెల్లదని ఆ దేశ సుప్రీంకోర్టు 1984లో తీర్పునిచ్చింది. అప్పటి నుంచి ఈ హక్కులే కూటముల బలాన్ని నిర్ణయిస్తున్నాయి.

చీలిక ఎలా మొదలైంది?

లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ ‘బిగ్ టెన్’లో చేరుతున్నట్లు 2022 జూన్ 30న ప్రకటించాయి. అదే ఏడాది ఆగస్టులో బిగ్ టెన్ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా విలువైన ప్రసార ఒప్పందం కుదుర్చుకుంది. ఆ స్థాయి ఒప్పందాన్ని పాక్-12 సాధించలేకపోయింది. 2023లో కొలరాడో, ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా ‘బిగ్ 12’ను ఎంచుకోగా, ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్ వైపు వెళ్లాయి. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ ఏకంగా ‘అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్’లో చేరాయి.

భారం ఎవరిపై?

ఫుట్‌బాల్ జట్టు సాధారణంగా వారానికి ఒక్క మ్యాచే ఆడుతుంది. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ వంటి క్రీడల్లో మ్యాచ్‌లు ఎక్కువ. మూడు గంటల కాలవ్యత్యాసం ఉన్న తూర్పు తీరానికి ప్రయాణాలు ఆ విద్యార్థుల తరగతులపైనే ఎక్కువ ప్రభావం చూపుతాయి. ఫుట్‌బాల్ ఆదాయం కోసం తీసుకున్న నిర్ణయానికి ఇతర క్రీడాకారులు మూల్యం చెల్లించాల్సి వస్తోంది.

ఆర్థికంగానూ ఫలితాలు ఒకేలా లేవు. కొత్త కూటమిలో తొలి ఏడేళ్లు ప్రసార ఆదాయంలో పూర్తి వాటాలో సుమారు 30 శాతమే తీసుకునేందుకు స్టాన్‌ఫర్డ్, బర్కిలీ అంగీకరించాయి. యూసీఎల్‌ఏ, బర్కిలీ రెండూ ఒకే ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థలోనివి. అందువల్ల బర్కిలీకి ఏటా కోటి డాలర్ల చొప్పున మూడేళ్లు చెల్లించాలని యూసీఎల్‌ఏను పాలకమండలి ఆదేశించింది.

మిగిలిన రెండింటి పరిస్థితి ఏమిటి?

కాన్ఫరెన్స్‌పై నియంత్రణ కోసం ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ న్యాయపోరాటం చేసి గెలిచాయి. కూటమికి కనీసం ఎనిమిది మంది సభ్యులుండాలన్న నిబంధనలోని రెండేళ్ల వెసులుబాటును వినియోగించుకున్నాయి. 2026 జులై నుంచి కొత్త సభ్యులు చేరేలా ఒప్పందాలు చేసుకున్నాయి. వాటిలో బోయిసీ స్టేట్, శాన్ డియాగో స్టేట్ సహా ఐదు సంస్థలు ‘మౌంటెన్ వెస్ట్’ నుంచి వస్తున్నవే. పాక్-12కు ఎదురైన నష్టం ఈ విధంగా మరో చిన్న కూటమికి బదిలీ అయింది.