చిన్నమ్మ పేరు మీది ఇల్లు

కిందటి నెల మా చిన్నమ్మ మనవరాలి పెళ్లికని షోలాపూర్ వెళ్లొచ్చాను. షోలాపూర్ అనగానే మనకు దుప్పట్లే గుర్తొస్తాయి కదండీ! ఆ దుప్పట్లు నేసినవాళ్లలో మనవాళ్లు ఎంతమందో. 1870లలో అక్కడ బట్టల మిల్లు వెలిశాక, తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు బతుకుదెరువు వెతుక్కుంటూ ఎన్నో వెళ్లాయి. ఊరి తూర్పు పేటల్లో ఇప్పటికీ తెలుగు వినపడుతుంది. రాఖీ పున్నమికి మార్కండేయ స్వామి రథం తీస్తారు, బతుకమ్మ ఆడతారు.

మగవాళ్లు మిల్లుకి, ఆడవాళ్లు బీడీలకి. 1990లలో మిల్లులు మూతపడ్డాక మా చిన్నాన్న ఇంట్లో కూర్చున్నాడు. ఇక చిన్నమ్మ బీడీల చాటే ఇల్లు నడిపింది. తునికాకు నానబెట్టాలి, కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. వెయ్యి చుడితేనే ఒకరోజు కూలి. షాపులో బాగాలేవని ఏరి పారేసినవాటికి పైసా రాదు. ఉన్నది ఒక్కటే అద్దె గది, వంటా పడకా బీడీలూ అందులోనే. "అన్నంల సుత తంబాకు ఘాటే బిడ్డా" అంటుంది.

ఇళ్ల కోసం ఈ ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఊరేగింపులు తీశారు. ముందుండి నడిపింది ఆడం మాస్టర్ అని పిలుచుకునే కమ్యూనిస్టు నాయకుడు నర్సయ్య ఆడం. ఇంటి ఖర్చు అరవై వేలైతే కేంద్రం ఇరవై, రాష్ట్రం ఇరవై, తక్కిన ఇరవై బీడీ కార్మికురాలిది. అలా షోలాపూర్ శివార్లలో కుంభారి దగ్గర పది వేల ఇళ్లు లేచాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలిచ్చారు. ఆదివాసీల కోసం పోరాడిన గోదూతాయి పరులేకర్ పేరు కాలనీకి పెట్టుకున్నారు. 2024లో అక్కడే రేనగర్ అని మరో పదిహేను వేల ఇళ్లు ఇచ్చారు.

ఇరవై వేలంటే మాటలా? చిన్నమ్మ మెడలోని గుండ్లు అమ్మేసింది. "ఆ అడవిల ఎవరుంటరు?" అని చిన్నాన్న నెల రోజులు మాట్లాడలేదట. వెళ్లిన కొత్తలో నిజంగానే అంతా బయలే. చుట్టిన బీడీలు మూటగట్టి బస్సులో ఊళ్లోకి మోసుకెళ్లేది.

ఇప్పుడు వంటకి వేరే గది. అక్కడే ఆవిడ కడక్ జొన్నరొట్టె, పల్లీల కారప్పొడి చేసి పెట్టింది. కొలతలు రాసుకొచ్చాను, మరోసారి చెప్తాను. కోడలు చాట ముట్టదు, మిషన్ కుడుతుంది. పెళ్లికూతురు నర్సు చదివింది. దగ్గుతో బాధపడుతూ కూడా చిన్నమ్మ మాత్రం చాట వదల్లేదు, వద్దంటే కోపం.

ఇంటి కాగితం ఇనప్పెట్టెలో, పెళ్లి చీర మడతలో ఉంది. నాకు చూపించింది. చిన్నాన్న అడిగితే మాత్రం ఈనాటికీ తాళంచెవి ఇవ్వదు!