మిల్లు లేని పాట

మొన్న అటక దులుపుతుంటే పాత ‘దొంగ దొంగ’ కాసెట్టు బయటపడింది. 1993లో మణిరత్నంగారు అరవంలో తీసిన ‘తిరుడా తిరుడా’కు అది తెలుగు రూపం. సంగీతం ఏ. ఆర్. రెహమాన్‌ది. 1992 నాటి ‘రోజా’కు, అంటే మొదటి చిత్రానికే, జాతీయ బహుమతి పొందిన మనిషి.

అప్పుడు నేను హైస్కూలు కుర్రాణ్ణి. తబలాలూ వయొలిన్లూ అలవాటైన చెవులకు కీబోర్డులోంచి పుట్టిన ఆ దరువులు వింత. నాకైతే అవే ప్రాణం. అమలాపురం దగ్గర మా కొబ్బరితోట దద్దరిల్లేలా పెట్టేవాణ్ణి.

“పాటట్రా అది? ధాన్యం మిల్లు ఆడుతున్నట్టుంది!” అనేవారు నాన్న.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసింది. తెల్లవారేసరికి మా తోటలో సగం చెట్లు నేలమీదున్నాయి. కరెంటు లేదు. నాన్న పడిపోయిన చెట్టుమీద కూర్చునేవారు, ఎవరితోనూ మాట లేదు. నాలుగోనాటి సాయంత్రం టేపురికార్డరులో బ్యాటరీలు వేసి, భయం భయంగా, సన్నగా ఆ కాసెట్టే పెట్టాను. అందులో ఒక పాటకు వాద్యాలే లేవు. ఒక గొంతు పాడుతుంటే, తక్కిన బరువంతా బృందం గొంతులే మోస్తాయి. అది అయిపోగానే నాన్న తలెత్తి, “ఆ మిల్లు లేని పాట మళ్లీ పెట్టరా,” అన్నారు.

ఇప్పుడు నాన్న లేరు. టేపూ బూజు పట్టింది. మా అమ్మాయి ఆ పాటలే సెల్‌ఫోనులో వెతికి పెట్టింది. దరువులకు వెనకటి గుండెదడ లేదు. అలాంటివి ఇవాళ ప్రతి పెళ్లిపందిట్లోనూ మోగుతున్నాయి. గొంతుల పాట మాత్రం వాడిపోలేదు.

ఈసారి మాటలు కూడా విన్నాను. రాసినవారు రాజశ్రీ, ‘రోజా’కూ ఆయనే. 1994లో కన్నుమూశారు. డబ్బింగు కవికి బాణీ మార్చే స్వేచ్ఛ లేదు. తెరమీద పెదవులు అప్పటికే అరవంలో ఆడేసి ఉంటాయి. అక్కడ అవి మూసుకుంటే ఇక్కడా మూసుకునే అక్షరమే పడాలి. పైగా అది తెలుగులా వినబడాలి. యతిప్రాసలకన్నా ఇరుకు కొలత! “డబ్బింగు పాటల్లో సాహిత్యమేముంది?” అని తరగతిలో ఎన్నిసార్లు తీసిపారేశానో.

మర్నాడు ఛందస్సు పాఠంలో ఆ మాట వెనక్కి తీసుకున్నాను. వెనకబెంచీ కుర్రాడొకడు లేచి, “ఇది పరీక్షలో వస్తుందాండీ?” అన్నాడు.

“రాదు. అయినా వినండి,” అన్నాను.